సెల్లుల కుండ

కూరెకుప్ప రోడ్డు మీద నాగలక్ష్మమ్మ మెస్సు ఎక్కడ అని ఆ రోజుల్లో ఎవరిని అడిగినా వెంటనే దారి చెప్పేవాళ్ళు కాదు. "సెల్లు ఉండాదా నీకాడ?" అని అడిగేవాళ్ళు. ఉందంటే నవ్వి, "అట్లయితే పో. ఆయమ్మ సంగతి నీకే తెలుస్తాదిలే," అనేవాళ్ళు.

అలాగని ఆవిడ ఎవరి చేతిలోదీ గుంజుకునే మనిషి కాదు. మెస్సు గుమ్మం పక్కన గోడకు ఆనించి వెడల్పు మూతి ఉన్న పాత నీళ్ళ కుండ ఒకటి ఉండేది. అడుగున మెత్తగా చీర ముక్క పరిచి ఉండేది. వచ్చినవాడు సెల్లు అందులో వేసి, చేయి కడుక్కుని కూర్చుంటే అన్నం వస్తుంది. వేయకుండా కూర్చుంటే రాదు. ఆవిడ అరవదు, అడగదు, గోడ మీద బోర్డు కూడా రాయించలేదు. గరిటె పట్టుకుని ఆ మనిషిని దాటి పక్కవాడికి వడ్డిస్తుంది, అంతే. పప్పు దాటిపోయి, కూర దాటిపోయి, పక్కవాడు చారులోకి వచ్చేసరికి ఎంత మొండివాడైనా లేచి పోయి కుండలో వేసి వచ్చేవాడు. కడుపు కాలుతుంటే బింకం ఎంతసేపు నిలుస్తుంది?

ఇది విన్నవాళ్ళు ఆవిడను కాలం తెలియని ముసలమ్మ అనుకునేవాళ్ళు. వాళ్ళ మొహం! గ్యాసు సిలిండరు వచ్చిన వారంలోనే కట్టెల పొయ్యిని పీకించి పారేసింది నాగలక్ష్మమ్మ. ఇన్నాళ్ళు పొగ మింగింది చాలు అంది. రుబ్బురోలును పెరట్లోకి దొర్లించి గ్రైండరు పెట్టింది. ఫ్రిజ్జు కొంది. ఆ ఫ్రిజ్జు వచ్చాకే కదా నీళ్ళ కుండ పని లేక మూల పడింది. ఆవిడకూ సెల్లు ఉంది. సరుకులకు కౌల్ బజారు అంగడికి ఫోను చేయాలంటే తీస్తుంది, చెప్పాల్సింది చెబుతుంది, పోపుల డబ్బాల వెనక పెట్టేస్తుంది.

గ్రైండరు వచ్చిన మొదటి రోజున రొట్టెలు తట్టే కొట్రమ్మ దాని ముందు నిలబడి, "ఇంగ నేనేం పని మాడ్లి అక్కా?" అని అడిగింది. ఆమెకు కన్నడం, తెలుగు ఒకే మాటలో కలిసి వచ్చేవి.

"కూసో."

"సుమ్మనేనా?"

"ఊరికేనే. రుబ్బేది అది రుబ్బుతాండాది. దానికాడ నీకేం పని?"

ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. దారిన పోయే ఆడవాళ్ళు చూసి మూతి తిప్పారు. ఏం చేస్తాండావు నాగలక్ష్మక్కా అని ఎవరో గొంతు సాగదీస్తే, "గ్రైండరు చేస్తాండాది. నేను కూసోనుండా," అంది. గ్రైండరు కొన్న ఇళ్ళన్నీ ఆవిడ చూసింది. రుబ్బే చాకిరీ తప్పిందని సంతోషపడిన ఆడవాళ్ళే మిగిలిన ఆ కాస్త పొద్దులో ఇంకో రెండు పనులు నెత్తికెత్తుకుని, పోయినేడాది కంటే ఎక్కువ అలిసిపోతున్నారు. మిషను మిగిల్చిపెట్టిన పొద్దును మళ్ళీ మిషన్ల చుట్టూ తిరగడానికే పోస్తే, దాన్ని కొని ఏం లాభమని ఆవిడ వాదన.

అసలు ఎవరో ఒకరు కూర్చోమన్న చోట కూర్చోవడం ఆవిడకు మొదటి నుంచీ రాదు. పెద్ద రైతుల ఇంట పుట్టి, చోరనూరుకు కోడలిగా పోయింది. మొగుడు జ్వరంతో పోయాక ఇంట్లో ఓ మూల పడి ఉండమన్నారు. ఉండనని పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి అన్న కోదండరామి కూడా భార్యను పోగొట్టుకుని, పసివాడు ఇంద్రసేనతో ఏం చేయాలో దిక్కు తెలియక ఉన్నాడు. వాడిని ఆవిడే సాకింది. వాడికి పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, ఒక్కటుంటే పంచభక్ష్యాలు అక్కర్లేదు. పప్పు వండిన రాచ్చిప్ప ఖాళీ అయ్యాక కూడా ఒళ్ళో పెట్టుకుని అడుగంతా వేలితో నాకేవాడు. పుంటికూర లేని రోజు అలిగి గడ్డివాము వెనక దాక్కునేవాడు. ఆవిడ బతిమాలే రకం కాదు కనుక గిన్నె తీసుకెళ్ళి వాము పక్కన కూర్చునేది. కాసేపటికి చిన్న చేయి ఒకటి గిన్నెలోకి వచ్చేది.

వాడు హాస్టలు చదువుకు పోయాక ఇల్లు బోసిపోయింది. రోడ్డు పక్క మన మెట్ట చేను కొసన షెడ్డు వేసివ్వు, మెస్సు పెడతానని ఆవిడ అన్నను అడిగింది. మన ఇంటి ఆడబిడ్డ కూడు అమ్మడమేంది, జనం ఏమంటారని కోదండరామి నసిగాడు. "జనం తింటారు. నోట్లో ముద్ద ఉంటే ఏమంటారు?" అందావిడ. షెడ్డు లేచింది.

ఆ తర్వాత కొండల మీద ఇనుప మన్నుకు గిరాకీ పుట్టింది. ఊరు ఊరంతా పిచ్చెక్కినట్టయింది. వేరుశనగ వేసే రైతులు లారీలు కొన్నారు. ఆకులు, గోడలు, కుక్కలు, ఆరేసిన పంచెలు అన్నీ ఒకే ఎరుపు. చదువు ముగించుకుని వచ్చిన ఇంద్రసేన ఒక లారీతో మొదలుపెట్టి రోడ్డు పొడుగునా తన పేరున్న టిప్పర్లే కనబడేంతవాడయ్యాడు. కోదండరామి కాలం చేశాక చేనూ, చేను కొసన ఉన్న మెస్సూ అతని పేరు మీదికి వచ్చాయి. మెస్సులో తినేవాళ్ళలో ఎక్కువమంది అతని డ్రైవర్లే. అత్తకు మేనల్లుడి మీద గర్వంగానే ఉండేది. వాడు తన చేతి అన్నం తిని చాలా కాలమైందన్న బాధ కూడా ఉండేది, దాన్ని పైకి చెప్పేది కాదు.

కుండ పుట్టింది జంబన్న వల్ల. జంబన్న ఇంద్రసేన డ్రైవర్లలో ఒకడు, మంచివాడు, నోరు మాత్రం మూతపడదు. ఒకరోజు సెల్లును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ తినడానికి కూర్చున్నాడు. ఆ రోజు గుత్తివంకాయ. లేత కాయలు ఏరి తెచ్చి, నువ్వులు కమ్మగా వేయించి, మసాలా మెత్తగా నూరి కూరి, సన్నమంట మీద పొద్దున నుంచి కాపలా కాసి చేసింది నాగలక్ష్మమ్మ. జంబన్న మాట్లాడుతూనే రొట్టె తిన్నాడు, వంకాయ తిన్నాడు, అన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు. ఫోను పెట్టేసి ఖాళీ ప్లేటు వంక చూసి, "ఏందమ్మా, వంకాయ అందరికీ పెట్టినావు, నాకు పెట్టనే లేదే?" అన్నాడు.

షెడ్డంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. లోపలికి పోయి పొయ్యి ముందు నిలబడితే ఏడుపు వచ్చింది, దాని వెంటనే కోపం వచ్చింది. కోపమే నెగ్గింది. వంకాయ బాగాలేదని చెప్పినా పడేది ఆవిడ. ఉప్పెక్కువైందని ప్లేటు తోసేసినా ఊరుకునేది. తిన్నానో లేదో కూడా తెలియదంటే ఇక తాను పొద్దుటి నుంచి ఎవరికి వండినట్టు? మర్నాడు గుమ్మం పక్కన కుండ వెలిసింది.

డ్రైవర్లు మొదట సణిగారు. ఇంద్రసేన గడియకోసారి ఫోను చేసి యాడ ఉండావు అంటాడు, ఎత్తకపోతే తిడతాడు. అయినా వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళకే అలవాటైంది. కుండలో సెల్లులు ఒకదాని మీద ఒకటి పడి గొణుక్కుంటూ ఉంటే, వీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకుంటూ తినేవాళ్ళు. ఇంకో డ్రైవరు పంపన్నకు పెళ్ళాం మీద ఎంత ప్రేమో, జంబన్న ఎంత బాగా పాడతాడో అక్కడే బయటపడ్డాయి.

ఆ రోజుల్లో తోరణగల్లు దగ్గర ఫ్యాక్టరీలో కొత్త ఫర్నేసు కట్టడానికి చైనా వాళ్ళు దిగారు. వాళ్ళలో షెన్ అని తల నెరిసిన మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. క్యాంపు తిండి పడక, హిందీ వచ్చిన కుర్ర దుబాసీని వెంటబెట్టుకుని ఈ మెస్సుకు వచ్చాడు. గుమ్మంలో కుండ చూసి వంగి తొంగి చూశాడు. డ్రైవర్ల సెల్లులన్నీ కౌల్ బజారులో ఒకే అంగట్లో కొన్నవి. పెద్ద స్పీకరు, ఎర్రంచు, ఊరంతా వినపడే మోత. అందరూ వాటిని చైనా సెట్లు అనేవాళ్ళు. షెన్ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. తన కోడలు ఇలాంటివే బిగించే ఫ్యాక్టరీలో పని చేస్తుందట. తన సెల్లు కూడా తీసి కుండలో వేసి, చేయి కడుక్కుని, జొన్నరొట్టె ముందు బుద్ధిగా కూర్చున్నాడు.

తినడం అయ్యాక దుబాసీతో ఏదో చాలాసేపు చెప్పించాడు. దుబాసీ హిందీ ఆవిడకు కౌల్ బజారు అంగళ్ళలో వచ్చిన ఉర్దూతో బాగానే అర్థమైంది. వాళ్ళ దేశంలో ఎప్పటి నుంచో తావో అని ఒక ఆలోచన ఉందట. ఆ మాటకు దారి అని అర్థం. నీటికీ, చెట్టుకూ, మనిషికీ తనదైన నడక ఒకటి ఉంటుంది, దాన్ని నెట్టకుండా, గుంజకుండా దానితో పాటు పోవడమే బాగా బతకడమట. పనిముట్టును పని కోసం ఎత్తుకోవాలి, పని అయ్యాక దించాలి. దించడం మరిచిపోయినవాడు తాను దాన్ని వాడుతున్నానని అనుకుంటాడు గానీ, అదే వాడిని వాడుతుందట. ఇక చాలు అనడం తెలిసినవాడికి తొందర ఉండదట.

నాగలక్ష్మమ్మ అంతా విని, "మేమూ దారిని దావ అనే అంటాము. సరేలే, ఈ చిన్న మాట చెప్పేకి ఈయప్ప అంత దూరం నుంచి రావాల్నా?" అంది.

చెప్పడానికి రాలేదు, ఫర్నేసు బిగించడానికి వచ్చాడని దుబాసీ జవాబు. ఆవిడ నవ్వింది. మరి ఈ పెద్దాయనకు తొందర లేదా అని అడిగితే, ఉందట, సైరను కూస్తే లేస్తాడట, కూస్తే పడుకుంటాడట, అందుకే ఈ కుండ వెతుక్కుంటూ వచ్చాడట. ఆవిడ ఆయన ప్లేటులో అడక్కుండానే ఇంకో రొట్టె వేసింది. దించడం అన్న మాట ఆవిడకు నచ్చింది. తాను చేస్తున్న పనికి ఇన్నాళ్ళూ పేరు లేదు, ఇప్పుడు దొరికింది.

పేరు దొరికిన కొన్నాళ్ళకే తగువు వచ్చి పడింది.

అన్ని సెల్లులూ ఒకటే రకం కదా. ఒక మధ్యాహ్నం పంపన్న, జంబన్న తిని లేచి, కుండలోంచి ఒకరి సెల్లు ఒకరు తీసుకుని చెరో దారిన పోయారు. పంపన్న టిప్పరు నిండా మన్ను, పరిమితి మించిన లోడు. జంబన్నది ఖాళీ బండి. అప్పుడే లారీలు తూచే కాటా దగ్గర తనిఖీ పెట్టారని ఇంద్రసేనకు తెలిసింది. పంపన్న నంబరుకు ఫోను చేశాడు. ఎత్తింది జంబన్న. ఎవరు మాట్లాడుతున్నారని చూసుకునే అలవాటు ఇంద్రసేనకు లేదు. "కాటా దావన పోవాకు, వెనక దావన తిప్పుకోని రా," అనేసి పెట్టేశాడు. జంబన్న యజమాని మాట జవదాటని మనిషి. ఖాళీ బండిని గుంతలన్నీ ఎక్కించి దించి వెనక దారిన ఊరంతా చుట్టి తెచ్చాడు. పంపన్న నిండు లోడుతో పాట పెట్టుకుని నేరుగా కాటా మీదికి ఎక్కించాడు. తనిఖీవాళ్ళు బండి పట్టుకున్నారు, దాని వెనకే వరసలో ఉన్న ఇంద్రసేన బండ్లన్నీ ఆపేశారు.

ఆ సాయంత్రమే ఇంద్రసేన మెస్సు ముందు జీపు ఆపాడు. లోపలికి రాలేదు.

"అత్తా, ఈ కుండ తీసేయ్."

"కుండేం చేసిందప్పా?"

"నా బండ్లన్నీ పట్టిచ్చింది. ఈ పొద్దు నీ కుండ వల్ల నా పరువు పోయింది."

"ఎవురితో మాట్లాడతాండావో నువ్వు అడగలేదు. అవతల ఎవురుండారో వినలేదు. వినుంటే జంబన్న గొంతు నీకు తెలీదా? మన చేలో పెరిగినోడే గదా."

"నాకు అంత టైము యాడుండాది?"

"అది నువ్వు కుండను అడగాల్సిన మాట కాదప్పా."

అతని మొహం ఎర్రబడింది. చేతిలో సెల్లు మోగింది, ఎత్తి మాట్లాడి, పెట్టి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు. ఈసారి గొంతు చల్లగా ఉంది. ఈ షెడ్డు స్థలం తనదని, మన్ను నిల్వ పెట్టుకోవడానికి చోటు కావాలని ఎందరో అడుగుతున్నారని, అత్త అని ఊరుకున్నానని అన్నాడు. కుండ తీస్తే మెస్సు ఉంటుంది, తీయకపోతే వచ్చే సోమవారం జేసీబీ వస్తుంది.

"రానీ," అంది నాగలక్ష్మమ్మ.

మరుసటి రోజు నుంచి అతని డ్రైవర్లు మెస్సుకు రాలేదు. ఎక్కడి నుంచో పొట్లాలు కట్టించి బండ్ల దగ్గరికే పంపుతున్నాడు. స్టీరింగు మీద పొట్లం విప్పుకుని, చెవిలో సెల్లు పెట్టుకుని తింటున్నారు. మెస్సు ముందు నుంచి పోయేటప్పుడు జంబన్న హారను కొట్టేవాడు. పంపన్న తల తిప్పుకునేవాడు. లోపల పంక్చరు షాపువాడు, షెన్, దుబాసీ తప్ప బల్లలన్నీ ఖాళీ.

కొట్రమ్మకు గుండెల్లో రాయి పడింది. ఆమె ఇల్లు నడిచేది ఈ రొట్టెల మీదే. "అక్కా, కుండ లోపల పెట్టేద్దాం. సొల్ప దినాలు. కోపం తగ్గినాక మళ్ళీ తెద్దాం," అంది.

"నీ బాధ నాకు తెలుసే. మెస్సు పోతే ఇంకో చెట్టు కింద పొయ్యి పెడతా, నిన్ను వదలను. దాన్ని మాత్రం దాచను."

"ఒక కుండకి ఇంత మొండితనమా?"

"కుండకి కాదే. నేను వండింది మనిషి తినాల. వాడు తినేటప్పుడు ఆ మనిషి ఈడ ఉండాల. మన్ను కొండలు తవ్వుకోని పొయినారు, చేను తీసుకున్నారు, రోడ్డు తీసుకున్నారు, రాత్రి నిద్ర తీసుకున్నారు. ఇంగ ముద్ద నోట్లోకి పొయ్యే ఆ రవ్వంత సేపు కూడా వాళ్ళకే ఇయ్యాల్నా? ఇయ్యను."

అంతకు మించి ఆవిడ ఏమీ చేయలేదు. ఊరి పెద్దల దగ్గరికి పోలేదు. డ్రైవర్లను బతిమాలలేదు, ఇంద్రసేనను తిట్టనూ లేదు. వచ్చేవాళ్ళు తగ్గారు కనుక తక్కువ వండింది. గ్రైండరు తిరుగుతుంటే ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుంది. భయం లేక కాదు. ఇంత వయసులో మళ్ళీ పెట్టె సర్దుకోవాలంటే ఎవరికి ఉండదు? సోమవారం దగ్గరపడే కొద్దీ షెడ్డు దూలాలను, మసిపట్టిన గోడను తడిమి తడిమి చూసుకుంది. ఒకరోజు షెన్ దుబాసీతో అడిగించాడు, ఏం చేయబోతున్నారని. "ఏం చెయ్యను. వంట చేస్తా," అంది. షెన్ తల ఊపి, తన ప్లేటు తానే కడిగిపెట్టి పోయాడు.

సోమవారం మధ్యాహ్నం జేసీబీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని వెనక జీపులో ఇంద్రసేన వచ్చాడు. ఇంజను శబ్దానికి గిన్నెలు అదిరాయి. రోడ్డు మీద పోయే టిప్పర్లు నెమ్మదించాయి. కొట్రమ్మ సామాన్లు సర్దిన గంపను పట్టుకుని గోడకు అతుక్కుపోయింది.

నాగలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వస్తివా? తిన్యావా?"

"లేదు. పొద్దున్నుంచి తిరగతానే ఉండా."

"రా, ఒక ముద్ద తిను. తిన్నంక నీ పని నువ్వు చేసుకో. నేను అడ్డం రాను."

అతను కుండ వంక చూశాడు. ఆవిడ అది గమనించింది.

"ఈ పొద్దు నీకు కుండ లేదులే. సెల్లు పెట్టుకోనే తిను."

కొట్రమ్మ నోరు తెరిచింది. ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరికీ అనలేదు నాగలక్ష్మమ్మ. ఇంద్రసేన గెలిచినవాడిలా లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఒక సెల్లు చెవి దగ్గర, ఒకటి చేతిలో, ఇంకొకటి బల్ల మీద. ఆవిడ ప్లేటు పెట్టి రొట్టె వేసింది, రాచ్చిప్పలోంచి పప్పు వేసింది, పైన తాలింపు వెల్లుల్లి వేసింది, నూనె పోసింది. అతను ఎవరినో తిడుతూ రొట్టె తుంచాడు. ఇంకెవరికో సరే సరే అంటూ పప్పు అద్దుకున్నాడు. ఆవిడ మళ్ళీ వేసింది. అన్నంలోకి వేసింది. అతని వేళ్ళు తమ పని తాము చేస్తూ పోయాయి, ప్లేటు చివర దాకా తుడిచి నాకేశాయి. చిన్నప్పటి అలవాటు వేళ్ళకు ఉంది, మనిషికి లేదు. ఆవిడ ఎదురుగా నిలబడి అంతా చూసింది.

అతను ఫోను పెట్టేసి చేయి కడుక్కోవడానికి లేవబోయాడు.

"ఇంద్రా, కూర ఏందప్పా?"

"ఏం కూర?"

"ఇప్పుడు తింటివే. ఏం కూర తింటివి?"

అతను ప్లేటులోకి చూశాడు. ప్లేటు శుభ్రంగా ఉంది. నోట్లో నాలుక తిప్పుకున్నాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. గోడ దగ్గర కొట్రమ్మ తల దించుకుంది. అప్పుడు అతను నెమ్మదిగా ఎంగిలి చేయి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. పులుపు వాసన తగిలిందో ఏమో, ఆ చేయి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ కూర్చున్నాడు.

"పుంటికూర," అన్నాడు.

"ఆ. పుంటికూర. వాసన చూసి చెప్తివి."

బయట ఇంజను మోగుతూనే ఉంది. అతను రాచ్చిప్ప వంక చూశాడు. అడుగున ఇంకా పప్పు ఉంది.

"ఇంకొంచెం పెడతావా అత్తా?"

పెట్టాలని ఆవిడ చేయి లేచింది. దాన్ని ఆపుకోవడానికి ఆవిడకు చాలా కష్టమైంది. వాము వెనక దాక్కున్న పసివాడికి గిన్నె తీసుకుపోయిన చేయి అది.

"నీ పాలు నువ్వు తినేస్తివప్పా. ఇంగ ఉండేది నాది."

అతను లేచి చేయి కడుక్కున్నాడు. జేసీబీ డ్రైవరు గుమ్మంలోంచి తొంగి చూసి, మొదలుపెట్టేదా సార్ అని అడిగాడు. బండి తిప్పుకోని పొమ్మని ఇంద్రసేన చెప్పాడు. ఎక్కడికి సార్ అంటే, యాడికన్నా పో అన్నాడు. ఇంజను శబ్దం దూరమయ్యే దాకా గుమ్మంలోనే నిలబడి, అటు తిరిగే అన్నాడు.

"కుండ ఉండనీలే అత్తా. డ్రైవరు పిల్లోళ్ళు రేపట్నుంచి ఈడికే వస్తారు."

"వస్తే పెడతా. కుండను ఉండనీమని నిన్నెవురూ అడగలేదు. అది ఉండాది."

అతను తల ఊపి జీపెక్కాడు. జీపు ఎర్రటి దుమ్ములో కలిసిపోయింది. నాగలక్ష్మమ్మ అప్పుడు గానీ కూర్చోలేదు. రాచ్చిప్ప దగ్గరికి లాక్కుని, ఉన్న పప్పును రెండు ప్లేట్లలో వేసి, గంప దించి వచ్చి కూర్చోమని కొట్రమ్మను పిలిచింది. ఇద్దరూ తినడం మొదలుపెట్టారో లేదో బల్ల మీద సెల్లు మోగింది. మూడింటిలో ఒకటి ఇంద్రసేన మరిచిపోయి వెళ్ళాడు. అది గింగిరాలు తిరుగుతూ, వెలుగుతూ, బల్లంతా అదిరేలా మోగింది.

"అక్కా, ఆయప్ప సెల్లు," అంది కొట్రమ్మ కంగారుగా. "ఎత్తేదా?"

"ఎత్తాకు. కుండలో ఎయ్యి."

కొట్రమ్మ తీసుకెళ్ళి వేసింది. చీర ముక్క మీద పడి అది గొణుగుతూనే ఉంది. నాగలక్ష్మమ్మ రొట్టె తుంచి పప్పులో అద్దుకుంది. పులుపు ఈసారి బాగా కుదిరింది.